ఏడాదికో బియ్యం బస్తా

ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో రోజు నడిచేది ఈ మూడు వేళల మీదే. ఆర్కే-5, ఆర్కే-7, ఆర్కే న్యూటెక్, ఎస్సార్పీ-1, ఎస్సార్పీ-3 బొగ్గు గనుల్లో షిఫ్టులు మారేది అప్పుడే. సింగరేణి కాలనీల వంటిళ్లూ ఈ వేళల్నే పాటిస్తాయి. మొదటి షిఫ్టుకు పోయే మనిషి ఉన్న ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికల్లా పొయ్యి వెలగాలి, డబ్బా కట్టాలి. నైట్ షిఫ్టు దిగినవారు పొద్దున ఇల్లు చేరి తిని పడుకుంటారు. మధ్యలో బడి పిల్లల బాక్సులు, ఇంట్లో పెద్దవాళ్ల భోజనాలు. వారం తిరిగితే షిఫ్టు మారుతుంది. ఆదివారం సెలవునాడు ప్లేడే డ్యూటీ పడితే లెక్క మళ్లీ తప్పుతుంది.

ఏ పూట ఎందరు తింటారో, ఎంత తింటారో తేలని వంటింట్లో ఇల్లాలు ధైర్యం కోసం ఓ గుప్పెడు బియ్యం ఎక్కువే పోస్తుంది. ఎవరూ ఆకలితో ఉండకూడదన్నదే ఆమె ఆలోచన. వృథా అవుతున్న తిండిలో చాలా భాగం ఇలా ప్రేమతో ఎక్కువ వండిందే, లేదా వాడదామని కొని మరిచిపోయిందే. అలాంటప్పుడు నిర్లక్ష్యం అంటూ నిందించడం దండగ. తిండి ఎందుకు పాడవుతుందో, ఏది ఎన్ని గంటలు నిలుస్తుందో తెలిస్తే పారబోసే అవసరమే తగ్గుతుంది. నెల జీతంలో కంటికి కనిపించే మొత్తం మిగులుతుంది.

పైసల్లో చూస్తే

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఆహార వృథా సూచీ నివేదికను విడుదల చేసింది. దాని ప్రకారం 2022లో ప్రపంచమంతటా దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 63.1 కోట్ల టన్నులు, అంటే 60 శాతం, ఇళ్ల నుంచి వచ్చిందే. మన దేశంలో ఇంటి వృథా మనిషికి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. ఇందులో తొక్కలు, ఎముకలు, గింజల్లాంటి తినలేని భాగాలు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి మొత్తాన్నీ నష్టంగా లెక్కేయకూడదు.

ఇంటి ఖర్చు వైపు నుంచి చూస్తే చిత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వేలో తెలంగాణ పట్టణాల్లో ఒక్కో మనిషి నెల ఖర్చు సగటున 8,978 రూపాయలు, పల్లెల్లో 5,435 రూపాయలుగా తేలింది. దేశంలోని పట్టణ కుటుంబాలు తమ ఖర్చులో సగటున 39.68 శాతం తిండికే పెడుతున్నాయి. ఈ లెక్కన నలుగురున్న పట్టణ ఇంట్లో తిండి ఖర్చు నెలకు దాదాపు 14,250 రూపాయలు. అందులో పదో వంతు పారబోస్తున్నారనుకుంటే నెలకు 1,425, ఏడాదికి 17,100 రూపాయలు పోయినట్టు. ఇరవయ్యో వంతే అనుకున్నా ఏడాదికి ఎనిమిదిన్నర వేలు.

ఒక్క అన్నం సంగతే తీసుకుందాం. రోజుకు ఒక గిన్నెడు అన్నం, అంటే 200 గ్రాములు, మిగిలిపోయి చెత్తలోకి వెళ్తుందనుకోండి. బియ్యం ఉడికితే బరువు మూడింతలకు దగ్గరగా పెరుగుతుంది కాబట్టి, అది సుమారు 70 గ్రాముల బియ్యం. 365 రోజులకు పాతిక కిలోలు దాటుతుంది. ఏడాదికో బియ్యం బస్తాను విప్పకుండానే కుప్పలో పడేసినట్టు. కిలో 50 రూపాయల చొప్పున చూసినా 1,250 రూపాయలు. 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ బస్తా ఒక మనిషికి నాలుగు నెలలు వచ్చే రేషన్.

ఆ బియ్యం వెనుక నీళ్లూ ఉన్నాయి. ప్రపంచ సగటున కిలో బియ్యం పండించడానికి దాదాపు 2,500 లీటర్ల నీరు పడుతుంది. పాతిక కిలోలకు 62,500 లీటర్లు. కడెం ప్రాజెక్టు కాలువ నీళ్ల కోసం లక్షెట్టిపేట, దండేపల్లి రైతులు ఎంత ఎదురుచూస్తారో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఇరవై నిమిషాలకు రెట్టింపు

శ్రీరాంపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ రోజుల్లో పొద్దున వండిన పప్పు మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఉక్కకు తిండి పాడైందని మనం అనుకుంటాం. పాడుచేసేది సూక్ష్మజీవులు, వేడి వాటికి తోడ్పడుతుంది, అంతే.

ఆహార భద్రత నిపుణులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతను ప్రమాద మండలం అంటారు. అందులోనూ మన ఒంటి వేడికి దగ్గరగా ఉండే 35, 37 డిగ్రీల దగ్గర చాలా బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఒక్క కణంతో మొదలైతే గంటకు ఎనిమిది, రెండు గంటలకు 64. ఆరు గంటలకు 2,62,144. ఐదున్నరకు కట్టిన డబ్బాను పదకొండున్నరకు విప్పితే గడిచేది సరిగ్గా ఆ ఆరు గంటలే. గని లోపలి ఉక్క దానికి అదనం.

అన్నానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మట్టిలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బియ్యం గింజలకు అంటుకుని వంటింటికి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు బ్యాక్టీరియా చచ్చిపోయినా దాని సిద్ధబీజాలు మామూలు వంట వేడికి చావవు. అన్నం గిన్నెలో గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని వాంతులు పుట్టించే విషాన్ని వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. అందుకే పాడైన అన్నాన్ని వేడిచేసి, పోపు పెట్టి తినడం పొదుపు కాదు. ఆస్పత్రి ఖర్చు ముందు ఆ మిగులు ఏ మూలకూ రాదు.

విరుగుడు సులువే. మిగులుతుందని తెలిసిన అన్నాన్ని గిన్నెలో కుప్పగా వదిలేయకుండా వెడల్పు పళ్లెంలో పలుచగా పరవాలి. ఫ్యాను కింద ఆవిరి పోగానే మూతపెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి. వేడి వస్తువు పెడితే ఫ్రిజ్ పాడవుతుందని పూర్తిగా చల్లారేదాకా, అంటే మూడు నాలుగు గంటలు, బయట ఉంచడం చాలా ఇళ్లలో అలవాటు. బ్యాక్టీరియాకు కావాల్సింది సరిగ్గా ఆ మూడు నాలుగు గంటలే. మళ్లీ వేడిచేసేటప్పుడు తినేంతే తీసి, ఆవిరి పొంగేలా ఒక్కసారి కాచాలి. గిన్నె మొత్తం పూటపూటకూ వేడిచేస్తే అది ప్రమాద మండలం గుండా అన్నిసార్లు ప్రయాణం చేసినట్టే.

సద్ది ఎందుకు నిలుస్తుంది

అలాగైతే తరతరాలుగా ఈ ప్రాంతం తిన్న సద్ది సంగతేమిటి? రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, కాస్త చల్ల పోసి, పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుని పొలానికో గనికో పోయినవాళ్లు ఎందరో. ఇక్కడ పనిచేసేది లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. చల్లతో పాటు అన్నంలో చేరిన ఈ సూక్ష్మజీవులు అందులోని పిండిపదార్థాన్ని తింటూ లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. పుల్లదనం పెరుగుతుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ విలువ 4.6 కంటే కిందికి దిగితే రోగాలు తెచ్చే బ్యాక్టీరియాల్లో చాలావాటికి పెరగడం కష్టం. ఒక రకం సూక్ష్మజీవులను ముందుగా దింపి మిగతావాటికి చోటు లేకుండా చేయడమే సద్దిలోని కిటుకు.

కనుక ఈ పద్ధతిలో వేళకు విలువ ఎక్కువ. రాత్రి వండిన అన్నంలో చల్లారగానే చల్ల కలిపితేనే మేలు చేసే బ్యాక్టీరియా ముందంజలో ఉంటుంది. పొద్దున దాకా గిన్నెలో పొడిగా వదిలేసి, వాసన చూసి, అప్పుడు పెరుగు కలపడం సద్ది కాదు. పుల్లటి కమ్మని వాసన ఉంటే తినవచ్చు. చేతికి జిగురుగా తగిలినా, తీగలు సాగినా, ముక్కు తిప్పుకునే కంపు కొట్టినా పారేయాల్సిందే. ఎండాకాలంలో పులియడం త్వరగా ముగుస్తుంది కాబట్టి పొద్దున్నే తినేయాలి.

సద్దుల బతుకమ్మ నాడు చేసే చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం వెనుకా ఈ పుల్లదనమే ఉంది. షిఫ్టు డబ్బాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎండాకాలంలో డబ్బాకు పులిహోర, తోడు పెట్టిన పెరుగన్నం, చింతపండుతో దంచిన తొక్కు, నూనెలో మగ్గిన ఇగురు కూర నమ్మకమైనవి. పచ్చికొబ్బరి పచ్చడి, పలుచటి పప్పు, ఉడికించిన ఆలుగడ్డ కూర తొందరగా పాడవుతాయి. అవి ఇంట్లో ఉన్నవాళ్లు తినడానికి మంచివి. డబ్బా తిరిగి సగం మిగిలి వస్తోందంటే వంట నచ్చక కాకపోవచ్చు, తినే వేళకే రుచి మారిపోయి ఉండవచ్చు. ఒక్కసారి అడిగి తెలుసుకుంటే రేపటి వంట మారుతుంది.

ఫ్రిజ్‌లో ఏది, బయట ఏది

కోసిన తర్వాత కూడా కూరగాయ బతికే ఉంటుంది. గాలి పీల్చుకుంటుంది, నీటిని ఆవిరిగా వదులుతుంది, తనలోని చక్కెరలను ఖర్చు చేసుకుంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాసక్రియ వేగం రెండు మూడు రెట్లవుతుంది. 30 డిగ్రీల గదిలోంచి 10 డిగ్రీల చోటికి మారిస్తే ఆ వేగం నాలుగో వంతుకో, అంతకంటే కిందికో దిగుతుంది. ఆకుకూరల విషయంలో చల్లదనం ఆయుష్షు పోసేది ఇందుకే. తోటకూర, పాలకూర, పుంటికూర, కొత్తిమీర ఇంటికి రాగానే మట్టి వేళ్లు కోసి, తడి లేకుండా ఆరనిచ్చి, నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెడితే నాలుగైదు రోజులు నిలుస్తాయి. ప్లాస్టిక్ కవర్లో ముడివేస్తే అవి వదిలిన ఆవిరి చుక్కలై ఆకుల మీదే పడి కుళ్లబెడుతుంది.

అన్నీ చలికి ఒప్పుకోవు. టమాట, వంకాయ, దోసకాయ, అరటిపండు వేడి నేలల పంటలు. 10, 12 డిగ్రీల కంటే కిందికి వెళ్తే వాటి కణాల పొరలు దెబ్బతింటాయి. అరటి తొక్క నల్లబడుతుంది, వంకాయ మీద గుంటలు పడతాయి. టమాటపై అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధన, చలిలో ఉంచితే వాసననిచ్చే పదార్థాలను తయారుచేసే జన్యువులు నెమ్మదిస్తాయని, బయటికి తీశాక కూడా కొన్ని కోలుకోవని చూపింది. దోర టమాటలను గంపలో తొడిమ కిందికి ఉండేలా పేర్చి బయట ఉంచడం మంచిది. బాగా పండినవి మాత్రం ఈ ఎండల్లో రెండు రోజులు ఆగవు. రుచి కొంత పోయినా వాటిని ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా వాడేయాలి.

ఆలుగడ్డ కథ వేరు. ఫ్రిజ్ చలికి అందులోని పిండి చక్కెరగా మారి తీపెక్కుతుంది, వేయిస్తే నల్లగా మాడుతుంది. వెలుతురు తగిలితే పచ్చబడి సోలనిన్ అనే చేదు విషం చేరుతుంది. చీకటిగా, గాలి ఆడే మూల దానికి సరిపోతుంది. ఉల్లిగడ్డకూ గాలి కావాలి గానీ రెంటినీ ఒకే గంపలో వేయకూడదు. ఆలుగడ్డ వదిలే తేమకు ఉల్లి మొలకెత్తి కుళ్లుతుంది.

పండే అరటి, మామిడి, బొప్పాయి, టమాట ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. పక్కనున్నవాటిని అది త్వరగా పండిస్తుంది, ఆకుకూరలను పసుపు పచ్చగా మార్చేస్తుంది. పచ్చి మామిడికాయను మాగబెట్టాలంటే అరటిపండు పక్కన పెట్టడం తెలివి. కొత్తిమీర కట్టను పెట్టడం నష్టం.

ఇక ప్యాకెట్ల మీది తేదీలు. 'బెస్ట్ బిఫోర్' అన్నది రుచి, నాణ్యత బాగుండే గడువు. అది దాటినంత మాత్రాన ఆ వస్తువు విషమైపోదు, చూసి వాడుకోవచ్చు. 'యూజ్ బై', 'ఎక్స్‌పైరీ' అని ఉంటే మాత్రం ఆ తేదీ తర్వాత తినకూడదు. ఈ తేడా తెలియక తెరవని బిస్కెట్లు, సేమియా పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఎండను వాడుకోవడం

2023 జూలైలో దేశంలోని పలు నగరాల్లో కిలో టమాట 200 రూపాయలు దాటింది. కేంద్ర ప్రభుత్వం వినియోగదారుల సహకార సమాఖ్య ద్వారా రాయితీ మీద టమాట అమ్మాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలి రైతులు పంటను రోడ్ల మీద పారబోశారు. ఈ ఎగుడుదిగుళ్ల నుంచి ఇంటి ఖర్చును కాపాడిన పాత పద్ధతి ఉత్తర తెలంగాణ ఇళ్లలో ఉంది. అదే ఒరుగులు.

టమాటలో 94 శాతం నీరే. సూక్ష్మజీవి పెరగాలంటే దానికి అందుబాటులో ఉండే నీరు కావాలి. ఆ అందుబాటును శాస్త్రవేత్తలు సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతతో లెక్కిస్తారు. తాజా కూరగాయల్లో అది 0.95 పైన ఉంటుంది. 0.6 కంటే తగ్గితే బ్యాక్టీరియా, బూజు, ఈస్టు ఏదీ పెరగదు. చక్రాలుగా కోసి ఉప్పు చల్లితే ఉప్పు కొంత నీటిని లాగేస్తుంది, మిగతా పని ఎండ చేస్తుంది. విరిగితే టక్కుమనేదాకా ఎండిన ఒరుగు గాలి చొరని డబ్బాలో నెలల తరబడి ఉంటుంది. పది కిలోల టమాటలు ముప్పావు కిలో లోపు ఒరుగులవుతాయి. వానాకాలంలో ధర ఎగబాకినప్పుడు గుప్పెడు ఒరుగులు నానబెడితే పప్పుకు, పులుసుకు సరిపోతాయి. కాకరకాయ, వంకాయ, గోకరకాయ, మామిడికాయ అన్నీ ఇలా ఎండేవే.

శ్రీరాంపూర్ చుట్టుపక్కల ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము ఉంటుంది కాబట్టి డాబా మీద ఆరబోసేటప్పుడు పలుచటి నూలు గుడ్డ పైన కట్టడం తప్పనిసరి. పొద్దుగూకగానే లోపలికి తేవాలి, లేకపోతే రాత్రి చల్లదనానికి తేమను తిరిగి పీల్చుకుంటాయి.

పప్పులకూ ఎండే మందు. కందిపప్పు, పెసర్లు, శనగల్లో పుచ్చు పురుగు ఎక్కడి నుంచో ఎగిరి రాదు. చాలాసార్లు గుడ్ల రూపంలో గింజకు అంటుకుని బజారు నుంచే వస్తుంది. 50 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని గంటలు ఉంటే ఆ గుడ్లు, గింజ లోపలి పురుగులు చస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద నల్ల గుడ్డపై పరిచిన గింజలు ఆ వేడిని అందుకోగలవు. పప్పుకు ఆముదం పట్టించే అలవాటుకు కూడా ఆధారం ఉంది. నూనె పొర గుడ్డుకు గాలి అందకుండా చేస్తుంది. బియ్యాన్ని మాత్రం ఎండలో వేస్తే గింజ పగిలి నూకలవుతుంది, నీడలో ఆరబెట్టడమే సరైనది.

పారేయాల్సినవి

పొదుపు పేరుతో తినకూడనివి కొన్ని ఉన్నాయి. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో కామెర్లు, పొట్ట ఉబ్బడంతో జనం మంచాన పడ్డారు. 397 మందికి జబ్బు చేసింది, 106 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కారణం వెతికితే బూజు పట్టిన మక్కజొన్న దగ్గర తేలింది. అకాల వానకు తడిసిన కంకులను సరిగా ఎండనీయకుండా నిల్వ చేశారు. వాటి మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని నింపింది. కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషం వంట వేడికి పూర్తిగా పోదు. ఆ పరిశోధన 1975లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

మక్కలు, పల్లీలు విరివిగా తినే ఈ ప్రాంతానికి ఇది నేరుగా పనికొచ్చే పాఠం. బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకున్న, చేదుగా తగిలిన పల్లీలను ఏరి పారేయాలి. తొక్కులో వేసి రుబ్బితే చేదు కనిపించదు గానీ విషం ఉంటుంది. రొట్టె మీద, అన్నం మీద, మెత్తటి పండు మీద బూజు కనిపిస్తే అంతవరకే గిల్లి మిగతాది తినడం తప్పు. కంటికి కనపడని పోగులు లోపలికి పాకి ఉంటాయి. పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు అనుమానం ఉన్న తిండి అసలు పెట్టకూడదు.

కుడితి గోళెం పోయాక

ఒకప్పుడు ఈ ఇళ్ల పెరట్లో కుడితి గోళెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల పొట్టు, మిగిలిన అన్నం అందులోకి, అక్కడి నుంచి బర్రె నోట్లోకి, తిరిగి పాలుగా ఇంట్లోకి వచ్చేవి. క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో బర్రె లేదు, గోళెం లేదు. అదంతా ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో ముడిపడి చెత్త బండి ఎక్కుతోంది.

డంపింగ్ యార్డు కుప్ప అడుగున గాలి ఆడదు. ఆక్సిజన్ లేని చోట తిండి కుళ్లితే మీథేన్ పుడుతుంది. గని కార్మికులకు ఈ వాయువు కొత్తది కాదు. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే భూగర్భ గనుల్లో దాన్ని ప్రతి షిఫ్టులోనూ కొలుస్తారు. చెత్త కుప్ప నుంచి లేచే మీథేన్‌ను మాత్రం చాలా ఊళ్లలో ఎవరూ కొలవరు. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఆ వాయువును పట్టి వాడుకునే ప్రయత్నం హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో జరుగుతోంది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ సాంకేతికతతో కట్టిన ప్లాంటు రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, కొంత వంటగ్యాసు తీస్తుంది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దాన్ని ప్రస్తావించారు. మార్కెట్ చెత్తకు అంతకంటే మంచి దారి లేదు. కానీ ఇంటివైపు నుంచి లెక్క కడితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఒక్క యూనిట్ కరెంటుకు 20 కిలోల కూరగాయలు కుళ్లాలి. అదే యూనిట్ థర్మల్ కేంద్రంలో తీయడానికి ముప్పావు కిలో బొగ్గు కూడా పట్టదు. కిలో 30 రూపాయల చొప్పున కొన్న 20 కిలోల కూరగాయల ఖరీదు 600 రూపాయలు. వాటి నుంచి వచ్చే యూనిట్ విలువ కొన్ని రూపాయలే. ఎరువుగా మార్చినా తేడా పెద్దగా ఉండదు. కూరగాయకు పూర్తి విలువ దక్కేది కంచంలోనే.

అందుకే క్రమం ముఖ్యం. ముందు అవసరమైనంతే కొనడం, తర్వాత పాడవకుండా దాచడం, మిగిలితే తినే రూపంలోకి మార్చడం. బీరకాయ పొట్టు తొక్కు అవుతుంది, పులిసిన పెరుగు మజ్జిగ చారు అవుతుంది, మిగిలిన రొట్టెలు బెల్లంతో మలీద అవుతాయి. చివరికి ఎటూ తినలేని తొక్కలు, టీపొడి మాత్రమే ఎరువు కుండీలోకి వెళ్లాలి.

వారం రోజుల పద్దు

ఇంటింటి అలవాటు మారుతుందా అన్న సందేహానికి బ్రిటన్‌లో జవాబు దొరికింది. అక్కడ ర్యాప్ అనే సంస్థ 2007లో 'లవ్ ఫుడ్ హేట్ వేస్ట్' ప్రచారం మొదలుపెట్టింది. జరిమానాలు లేవు. ఎంత వండాలో, ఎలా దాచాలో, మిగిలినదానితో ఏం చేయాలో చెప్పడమే ఎక్కువ. 2012 నాటికి ఇళ్లలో నివారించగల వృథా 21 శాతం తగ్గింది. అక్కడ బయటపడిన రెండు ప్రధాన కారణాలు, సమయానికి వాడకపోవడం, ఎక్కువ వండటం. శ్రీరాంపూర్ వంటింటి కారణాలూ అవే.

మొదటి పని కొలవడం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, వారం పాటు పారేసిన ప్రతిదీ మూడు గళ్లలో రాయాలి. ఏది, సుమారు ఎంత, ఎందుకు. షిఫ్టు ఇళ్లకు నాలుగో గడి కూడా అవసరం, ఆ రోజు ఏ షిఫ్టు అన్నది. వారం తిరిగేసరికి ఏదో ఒక వరుస కనబడుతుంది. రెండో షిఫ్టు వారంలో రాత్రి అన్నం మిగులుతోందని తేలితే, ఆ పూటకు విడిగా కొలత గ్లాసు పెట్టి పెద్దవాళ్లకు మనిషికి 75 నుంచి 100 గ్రాముల బియ్యం లెక్కన పోయవచ్చు. చాలకపోతే నాలుగు రొట్టెలు చేసుకోవడం పది నిమిషాల పని. కొత్తిమీర, పాలకూర పదేపదే పోతుంటే వారానికోసారి పెద్ద కట్టలు కొనే బదులు రెండుసార్లు చిన్న కట్టలు కొనాలి. ఫ్రిజ్ పై అరలో ఒక చిన్న గంపను ముందుగా తినాల్సినవాటికి కేటాయించి, కూర ఏం వండాలన్న ప్రశ్నకు జవాబు మొదట అందులోనే వెతకాలి.

రెండో వారం మళ్లీ అలాగే రాసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, పారేసినవాటి పక్కన కొన్న ధరలు వేసి కూడాలి. మొదటి వారం 300 రూపాయలు తేలి, రెండో వారానికి అది 150కి దిగితే, ఏడాదికి 7,800 రూపాయలు ఇంట్లో నిలిచినట్టు. అంగడికి వెళ్లేటప్పుడు సంచితో పాటు ఆ కాగితమూ తీసుకెళ్తే, తూకం వేయించే ముందే ఎంత కావాలో తెలుస్తుంది.